రేపల్లె పాసింజర్లో కంప్యూటర్

ఆ రోజుల్లో మా తెనాలిలో చెప్పులు బయట విడిచి లోపలికి అడుగు పెట్టవలసిన చోట్లు మూడే: గుడి, డాక్టరుగారి ఆపరేషన్ గది, మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. మొదటి రెండు చోట్లకూ జనం ఏదో ఒక బాధతో వెళ్లేవారు. మా దగ్గరికి మాత్రం చల్లదనం కోసం వచ్చేవారు. ఊళ్లో పెద్ద సినిమా హాలు తర్వాత ఏసీ ఉన్న గది మాదే. ఎండాకాలంలో అంగలకుదురు నుంచీ నందివెలుగు నుంచీ పిల్లల్ని సైకిలు మీద ఎక్కించుకుని వచ్చిన తండ్రులు, కోర్సు వివరాలు కనుక్కునే నెపంతో కాసేపు కూర్చుని, చెమట ఆరాక, ఆలోచించుకుని చెబుతామండి అంటూ లేచిపోయేవారు. ఆ గదిలో నేను పాఠాలు చెప్పేదాన్ని. అప్పుడే డిగ్రీ అయిన పిల్లని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, ఆ గుమ్మం దాటగానే నా నడకే మారిపోయేది. ఫ్యాను కూడా సరిగా తిరగని గదుల్లో తరతరాలుగా పాఠాలు చెప్పిన వంశంలో, ఏసీలో పాఠం చెప్పిన మొదటి మనిషిని నేను. ఆ సంగతి ఎదుటివాళ్లకు తెలియకపోతే తెలిసేలా చేసేదాన్ని. (వేసవిలో కూడా చేతిలో శాలువా పట్టుకుని బజారులో నడిచేదాన్నని మా మేనత్త ఇప్పటికీ అంటుంది.)

మా డైరెక్టరుగారు అంతకు ముందు పొలాలకు మోటారు పంపుసెట్లు అమ్మేవారు. కాలం మారుతోందని గ్రహించి, గుంటూరు వెళ్లి ఒక కోర్సు చేసి, ఈ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. వ్యాపారం మారింది గాని భాష మారలేదు. కంప్యూటరు పని మొదలుపెట్టకపోతే ‘ఎత్తుకోవడం లేదు’ అనేవారు, పంపు నీళ్లెత్తుకోవడం లేదన్నట్టే. మా దగ్గర చదివిన పిల్లలందరికీ అదే మాట అలవాటైంది. అప్పటి కంప్యూటరుకి ఇప్పటివాటిలా కడుపులో సొంత జ్ఞాపకం అంటూ ఉండేది కాదు. స్విచ్చి వేసిన ప్రతిసారీ అప్పుడే పుట్టినట్టు లేచేది. దాని ముఖాన పక్కపక్కనే రెండు అరలు. ఎడమ చేతివైపుది ఏ, కుడి చేతివైపుది బీ. నల్లగా, చదరంగా, అప్పడంలా పలచగా ఉండే డిస్కు ఒకటి ఉండేది, డాస్ డిస్కు అనేవాళ్లం. దాన్ని ఎడమవైపు ఏ అరలో దూర్చి చిన్న మీట కిందికి తిప్పితే, అది గరగరమని చదువుకుని, తానెవరో గుర్తు తెచ్చుకుని, అప్పుడు మన మాట వినేది. ఏ అర ఆ డిస్కును చదవలేకపోతే ఇక అంతే సంగతులు. పక్కన బీ అర ఎంత నిక్షేపంగా ఉన్నా దాన్ని అడిగేది కాదు. పెద్దకొడుకు పలకలేదని వ్యవహారం మొత్తం ఆపేసి, ఎదురుగా కూర్చున్న కూతుర్ని మాటవరసకైనా అడగని ఇళ్లు ఉండేవి చూడండి, అలాగన్నమాట.

మాది రేపల్లె. మా ఇంట్లో సుద్దముక్క పట్టనివాళ్లు లేరు. నాన్న అక్కడి మిషన్ హైస్కూల్లో లెక్కల మాస్టారు, అమ్మ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. వీళ్లందరికీ పెద్ద మా బాపట్ల పెదమావయ్య. అమ్మకు అన్నగారు, హెడ్మాస్టరుగా రిటైరైనవారు, మంచి వక్త. ఎంత మంచి వక్తంటే, ఆయన్ని పెళ్లిళ్లలో రెండు మాటలు మాట్లాడమని అడిగేముందు వంటవాళ్లతో సంప్రదించేవారు, అన్నం చల్లారిపోతుందని. నేను బీఈడీ చెయ్యకుండా తెనాలిలో మేనత్త ఇంట్లో ఉండి కంప్యూటర్లు నేర్చుకుంటానన్నప్పుడు నా పక్కన నిలబడింది నాన్న ఒక్కరే. మావయ్య తీర్పు ఏమిటంటే, కంప్యూటరు అనేది టైపు మిషనుకి తమ్ముడు, నాలుగేళ్లు పోతే మూలపడుతుంది, పంతులమ్మ ఉద్యోగం మాత్రం ప్రపంచం ఉన్నంతకాలం ఉంటుంది. నేను నేర్చుకుని అక్కడే పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక కూడా ఆగకుండా, ఆ ఏడు బాపట్లలో నాకు బీఈడీ సీటు కూడా మాట్లాడి పెట్టారు. నాన్న పెద్దవాళ్ల మాట కాదనలేని మనిషి. అలాగని నా మనసు కష్టపెట్టనూ లేరు. రెంటికీ మధ్య నలిగి, చివరికి ఒక దారి కనిపెట్టారు. ఆ నెలలోనే వాళ్ల స్కూలు వార్షికోత్సవం. మావయ్యే ముఖ్య అతిథి. "అమ్మాయి ఆ రోజు కంప్యూటరు తెచ్చి అందరికీ చూపిస్తుంది బావగారూ. కళ్లారా చూశాక మీరేం చెయ్యమంటే అది చేస్తుంది," అన్నారు. నన్నొక మాట అడగకుండానే నన్ను పందెంలో పెట్టేశారు. అడిగి ఉంటే నేనే ఇంకా పెద్ద పందెం కాసేదాన్నేమో, ఆ రోజుల్లో నా ధీమా అలాంటిది.

డైరెక్టరుగారు వెంటనే ఒప్పుకున్నారు. రేపల్లె వైపు నుంచి నాలుగు అడ్మిషన్లు వస్తాయని ఆయన ఆశ. డాస్ డిస్కు ఒకటి ఎత్తుకోకపోతే ఇంకోటి ఉండాలని రెండు డిస్కులిచ్చారు. నేను రాసిన ప్రోగ్రాం ఇంకో డిస్కులో ఉంది. ఎవరి పుట్టినరోజు తేదీ చెప్పినా అది ఏ వారమో చెప్పే ప్రోగ్రాం అది. చివరికి ఒకే ఒక్క షరతు పెట్టారాయన. కంప్యూటరు మూత తియ్యకూడదు. మూత అంచు మీద తన సంతకంతో ఒక కాగితం సీలు అతికించి ఉండేది. విజయవాడ నుంచి సర్వీసు ఇంజనీరు వచ్చినప్పుడు తప్ప అది తెగకూడదు. పంపుసెట్ల రోజుల్లో రైతులు సొంతంగా విప్పి తీసుకొచ్చిన మోటార్లను చూసి చూసి ఆయన పడ్డ భయం అది.

నన్నూ కంప్యూటర్నీ తీసుకెళ్లడానికి నాన్న స్వయంగా తెనాలి వచ్చారు. ముందురోజు సాయంత్రం అన్నీ పనిచేయించి చూసుకుని, పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కాం. టీవీలా ఉండే మానిటర్ని నా ఒళ్లో పెట్టుకున్నాను. అసలు పెట్టెకు దుప్పటి చుట్టి మా ఇద్దరి కాళ్ల దగ్గర కింద పెట్టాం. వేమూరులో ఒక పెద్దావిడ అరటిపళ్ల గంపతో ఎక్కింది. మనిషి భారీ. నాన్న జీవితంలో ఏ రోజూ, ఏ రైల్లోనూ, ఆడమనిషి నిలబడి ఉండగా కూర్చుని ఎరగరు. వెంటనే లేచి చోటిచ్చారు. ఆవిడ "చల్లగుండు నాయనా" అని దీవించి, నాన్న ఖాళీ చేసిన చోట గంప పెట్టి, తను మాత్రం దుప్పటి చుట్టిన పెట్టె మీద కూర్చుంది.

లేద్దామంటే ఒళ్లో మానిటరు. "అమ్మమ్మా, అది కంప్యూటరు," అన్నాను.

"ఏంటమ్మా?"

"కంప్యూటరు."

ఆవిడ కొంచెం అటూ ఇటూ కదిలి చూసి, "పర్లేదులేమ్మా, గట్టిగానే ఉంది," అంది.

నేను నాన్న వైపు చూశాను. నాన్న కిటికీలోంచి పొలాల వైపు చూశారు. పెద్దావిడను ఒకసారి కూర్చోమని లేచాక, మళ్లీ ఆవిడను లేవమనడం ఆయన వల్ల అయ్యే పని కాదు. చాలాసేపటికి నా వైపు వంగి, భట్టిప్రోలులో దిగిపోతుందటమ్మా అని రహస్యంగా ధైర్యం చెప్పారు. బండి కుదుపు వచ్చినప్పుడల్లా ఆవిడ ఒకసారి పైకి లేచి మళ్లీ కూలబడేది. అలా కూలబడిన ప్రతిసారీ నాకు బాపట్ల బీఈడీ కాలేజీ కళ్ల ముందు కనిపించేది. భట్టిప్రోలులో దిగుతూ ఆవిడ మాకో అత్తం అరటిపళ్లు ఇచ్చి వెళ్లింది. మంచి పళ్లు. నాన్న తిన్నారు. నేను ముట్టలేదు.

స్కూల్లో మా కోసం ఒక గది సిద్ధం చేసి ఉంచారు. బల్ల మీద తెల్లటి గుడ్డ, గోడకు రంగు కాగితాల తోరణాలు. నేను తీగలు తగిలించీ తగిలించకముందే డ్రిల్లు మాస్టారు మానిటరుకి బంతిపూల దండ వేశారు. బయట షామియానాలో సభ. ప్రార్థన, స్వాగతం, మావయ్య ప్రసంగం అయ్యాక అందరూ వరసగా ఈ గదిలోకి వచ్చి కంప్యూటర్ని చూడాలని ఏర్పాటు. సభ మొదలయ్యాక, ఒకసారి చూసుకుందామని స్విచ్చి వేశాను. స్కూలువాళ్లు తెచ్చిపెట్టిన స్టెబిలైజరు టిక్కుమంది. తెర మీద పచ్చటి అంకెలు పరుగెత్తాయి. ప్రాణం లేచి వచ్చింది. ఏ అర దగ్గర ఎర్రదీపం వెలిగింది. ఎప్పుడూ వినని కిర్రుమనే చప్పుడు ఒకటి వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. తర్వాత తెర మీద ఇంగ్లీషులో ఒక్క వాక్యం. అక్కడే ఉన్న సైన్సు మాస్టారు దాన్ని గట్టిగా చదివి, కిటికీల దగ్గర చేరిన జనం కోసం తెలుగులో కూడా చెప్పారు: డిస్కు బాగా లేదట, ఇంకోటి పెట్టమంటోంది.

ఇంకోటి పెట్టాను. అదే చప్పుడు, అదే వాక్యం. సైన్సు మాస్టారు మళ్లీ చదివి మళ్లీ తెలుగు చేశారు. డిస్కు బయటికి తీసి, వెలుతురుకి పట్టి చూసి, ఎక్కడా గీత గాని మరక గాని లేదని తేల్చుకుని, మళ్లీ దూర్చి, మీట జాగ్రత్తగా తిప్పి, స్విచ్చి ఆపి, మళ్లీ వేశాను. మాస్టారు నోరు తెరిచేలోపే కిటికీ దగ్గర ఎవరో ముసలాయన, "బాగా లేదట, ఇంకోటి పెట్టాలంట," అని ముందే చెప్పేశాడు.

ఆ తర్వాత సలహాలు మొదలయ్యాయి. సైన్సు మాస్టారు ఇది ఓల్టేజీ లోపమన్నారు. మైకు సెట్టతను వచ్చి, తల అడ్డంగా ఊపి, ఎర్తు సరిగా లేదన్నాడు. (ఆ రోజుల్లో ఏ మైకు సెట్టతనూ ఎర్తు సరిగా ఉందని ఒప్పుకోగా నేను వినలేదు.) డ్రిల్లు మాస్టారు మిషను వేడెక్కిందని టేబుల్ ఫ్యాను తెచ్చి పెడితే, తోరణాలు తెగి నా నెత్తి మీద పడ్డాయి. మా చర్చి పాస్టరుగారు, మేమంతా అయ్యగారనేవాళ్లం, లోపలికి వచ్చి పరిస్థితి చూసి, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు. అందరం ఆమేన్ అన్నాం. స్విచ్చి వేశాను. డిస్కు బాగా లేదంది. అయ్యగారు ఏమాత్రం తొణక్కుండా, ప్రార్థన మిషను కోసం కాదమ్మా, నీకు తోచాలని చేశాను, అని చెప్పి సభలోకి వెళ్లిపోయారు. ఆ మాట అప్పుడు విసుగనిపించింది గాని, ఆ గదిలో నా మీద నమ్మకముంచి మాట్లాడింది ఆయన ఒక్కరేనని తర్వాత తట్టింది.

ఇంతలో మైకులో మావయ్య గొంతు మొదలైంది. ఉపాధ్యాయ వృత్తి గొప్పతనం గురించి. యంత్రాలు వస్తాయి, పోతాయి, గురువు నిలుస్తాడు అంటున్నారు. నా వెనక అదే సమయానికి యంత్రం కిర్రుమంటోంది. నాన్న నా ముఖంలోకి చూశారు. టైము కావాలా అమ్మా అని అడిగారు. కావాలన్నాను. ఆయన గబగబా షామియానాలోకి వెళ్లి, వేదికెక్కి, మావయ్య చెవిలో ఏదో చెప్పారు. ఏం చెప్పారో తర్వాత తెలిసింది: "బావగారూ, జనం లీనమైపోయారు, ఇంకొంచెం చెప్పండి." మావయ్య జీవితంలో ఆయన్ని ఇంకొంచెం మాట్లాడమని ఎవరైనా అడగడం అదే మొదటిసారి, చివరిసారి. ఒక్క క్షణం ఆయన గొంతు గద్గదమైంది. తర్వాత ప్రాచీన కాలపు గురుకులాల దగ్గర నుంచి మొదలుపెట్టారు. నా మెడకు బీఈడీ తగిలించడానికి వచ్చిన మనిషి, తనకు తెలియకుండానే, నాకు కావలసినంత వ్యవధి ఇచ్చారు.

నేను అందర్నీ గదిలోంచి బయటికి వెళ్లమని బతిమాలి, కుర్చీలో కూర్చుని ఆలోచించాను. రెండు డిస్కులూ నిన్న తెనాలిలో చక్కగా పనిచేశాయి. రెండూ ఒకేసారి చెడిపోవు. కాబట్టి లోపం డిస్కులది కాదు. తెర వెలిగింది, అంకెలు వచ్చాయి, వాక్యం వచ్చింది. కాబట్టి కరెంటూ బాగానే ఉంది, మిషనూ బాగానే ఉంది. మిగిలింది ఏ అర ఒక్కటే. అప్పుడు పెట్టె పైకి చూశాను. దుప్పటి విప్పినప్పుడు హడావిడిలో గమనించలేదు గాని, మూత ఎడమ పక్క, సరిగ్గా ఏ అర పైన, పళ్లెంలా లోపలికి నొక్కుకుపోయి ఉంది. వేమూరు అమ్మమ్మ కళ్ల ముందు మెదిలింది.

ఏ అర పోయింది సరే. బీ అర బాగుంది. కాని మిషను దాన్ని అడగదు. అడిగేలా చెయ్యడం ఎలా అనుకుంటుంటే, కొన్ని నెలల కిందట మా ఇన్‌స్టిట్యూట్‌కి విజయవాడ నుంచి వచ్చిన సర్వీసు ఇంజనీరు గుర్తొచ్చాడు. పనిచేస్తూ తనలో తనే మాట్లాడుకునే మనిషి. టార్చి పట్టుకుని పక్కన నిలబడ్డ నేను చెవులు అప్పగించి వింటున్నానని అతనికి తెలియదు. రెండు అరలకీ వెనక నుంచి ఒకే తీగ వస్తుంది, తాటాకులా వెడల్పుగా, బూడిదరంగులో. చివరకు వచ్చేసరికి అందులో కొంత భాగం మెలితిప్పి ఉంటుంది. మెలిక దాటాక చివర్న తగిలించిన అర ఏ అవుతుంది, మెలిక రాకముందు మధ్యలో తగిలించింది బీ అవుతుంది. అంతేగాని పుట్టుకతో ఏది ఏ, ఏది బీ అని ఏమీ లేదు. అంటే చివరి కొసను తీసి కుడివైపు అరకు పెడితే, ఆ అరే ఏ. మిషను వచ్చి దాన్నే అడిగి తీరాలి. ఇది తట్టగానే లేచి నిలబడ్డాను. మరుక్షణం సీలు మీద డైరెక్టరుగారి సంతకం కనిపించి మళ్లీ కూర్చున్నాను.

నాన్న లోపలికి వచ్చారు.

"నాన్నా, మూత తియ్యాలి," అన్నాను.

"తియ్యొద్దని మీ డైరెక్టరుగారు మరీ మరీ చెప్పారుగా?"

"చెప్పారు."

"తీస్తే బాగవుతుందా?"

"నా లెక్క ప్రకారం అవుతుంది."

నాన్న లెక్కల మాస్టారు. ఊహ అనో, నమ్మకం అనో అని ఉంటే ఏమనేవారో తెలియదు. "లెక్క వేశావు కదా. అయితే తియ్యమ్మా, నేను చెప్పుకుంటాను," అన్నారు. వెళ్లి మైకు సెట్టతని దగ్గర స్క్రూడ్రైవరు అడిగి తెచ్చి నా చేతికిచ్చి, గుమ్మంలో బయటికి తిరిగి నిలబడ్డారు, ఎవర్నీ రానీకుండా. నేనేం చేస్తున్నానో చూసే ధైర్యం లేక అలా నిలబడ్డారని నాకు తెలుసు.

ప్లగ్గు పీకి, సీలు తెంపి, స్క్రూలు విప్పి ఒక సాసర్లో వేసి, మూత ఎత్తాను. మూత ఒత్తిడి పోయింది కదా, ఏ అర కోలుకుందేమో అని ఒకసారి ప్లగ్గు పెట్టి చూశాను. లేదు, అదే కిర్రు. మళ్లీ ప్లగ్గు పీకాను. తాటాకు తీగ దొరికింది. మెలిక దొరికింది. చివరి కొస ఏ అర వెనక నుంచి లాగుతుంటే రాలేదు. గట్టిగా లాగితే తీగ తెగుతుందేమోనని భయం, లాగకపోతే బాపట్ల భయం. రెండో భయమే పెద్దది కావడంతో లాగాను, వచ్చింది. రెండు కొసలూ అటుదిటు, ఇటుదటు మార్చాను. తీగ పొడవు చాలక మడత పెట్టి తగిలించాల్సి వచ్చింది. కుడివైపు అరలో డాస్ డిస్కు పెట్టి, మీట తిప్పి, స్విచ్చి మీద చెయ్యి వేశాను. బయట మావయ్య గురుకులాలు దాటి ఇంగ్లీషువాళ్ల కాలంలోకి వచ్చారు.

అంకెలు పరుగెత్తాయి. ఈసారి కుడివైపు దీపం వెలిగింది. గరగర. నాకు తెలిసిన, నేను రోజూ వినే, కడుపు నిండిన గరగర. తెర మీద కొత్త వాక్యం వచ్చింది. ఇవాళ తేదీ ఎంత అని అడుగుతోంది. (అప్పటి కంప్యూటర్లు లేవగానే ముందు అదే అడిగేవి, వాటికి సొంత గడియారం ఉండేది కాదు.) నాకు సంతోషంతో తేదీ గుర్తు రాలేదు. "నాన్నా, ఇవాళ ఎన్నో తారీఖు?" అన్నాను. నాన్న వెనక్కి తిరిగి తెర చూశారు, నన్ను చూశారు. క్లాసులో నల్లబల్ల మీద తేదీ వేసేటప్పుడు చెప్పినట్టు, తేదీ, నెల, సంవత్సరం ఒక్కొక్కటీ విడివిడిగా, స్పష్టంగా చెప్పారు. కొట్టాను. తెర మీద ఏ అనే అక్షరం వచ్చి దాని పక్కన గీత మిణుకుమిణుకుమంది. నాన్న జేబురుమాలు తీసి కళ్లజోడు తుడుచుకున్నారు. దుమ్ముగా ఉందన్నారు. సైన్సు మాస్టారు మాత్రం కిటికీలోంచి తొంగి చూసి, "వారాలు చెబుతుందన్నారు, తేదీ మనల్నే అడుగుతుందేంటి?" అని అనుమానపడ్డారు.

నాన్న వెళ్లి మావయ్యను ఇక చాలనడం, జనం లోపలికి రావడం, ఆ తర్వాతి సంగతులన్నీ నాకు పండగలా గుర్తు. మూత లేకుండా, పేగులన్నీ బయటికి కనిపిస్తూ, మెడలో బంతిపూల దండతో కూర్చున్న ఆ మిషను ముందు జనం వరస కట్టారు. అయితే పుట్టినరోజులు అడిగితే ఒక చిక్కు వచ్చి పడింది. ఎవర్ని అడిగినా జులై ఒకటో తారీఖే చెబుతున్నారు. ఆ కాలంలో పిల్లల్ని బళ్లో వేసేటప్పుడు తల్లిదండ్రులకు తేదీ తెలియకపోతే మాస్టార్లే జులై ఒకటి అని రాసేసేవారు. "సారే రాశారమ్మా," అని చాలామంది నాన్న వైపు చూపించారు. నాన్న ఇబ్బందిగా నవ్వి, సంవత్సరం మాత్రం సరిగ్గానే వేశానర్రా అన్నారు. రేపల్లెలో సగం మంది ఒకే రోజున పుట్టినట్టు కంప్యూటరు సాక్షిగా తేలింది.

అప్పుడు మావయ్య ముందుకు వచ్చారు. వెనకే అత్తయ్య. పుట్టినరోజు వద్దులే, మా పెళ్లి తేదీ చెబుతాను, ఏ వారమో చెప్పమను, అన్నారు. కొట్టాను. తెర మీద బుధవారమని వచ్చింది. మావయ్య నవ్వారు. హెడ్మాస్టరు నవ్వు అది, పిల్లాడు తప్పు చెప్పినప్పుడు నవ్వేది. "గురువారం. నా పెళ్లి నాకు తెలియదా?" అన్నారు. ప్రోగ్రాంలో ఎక్కడ తప్పు రాశానా అని వరస వరసా మనసులో తిరగేస్తున్నాను. అప్పుడు అత్తయ్య, ఎప్పుడూ పదిమందిలో గొంతెత్తని మా అత్తయ్య, నెమ్మదిగా అంది.

"బుధవారమేనండి. గురువారం మనం బాపట్ల వచ్చాం. రైల్లో మీరు నిద్రపోయారు."

గది మొత్తం గొల్లుమంది. మావయ్య కాసేపు అత్తయ్యనూ కాసేపు తెరనూ చూశారు, ఇద్దరిలో ఎవరితో వాదించాలో తేలక. తర్వాత ఆయన చూపు విప్పి ఉన్న పెట్టె మీద పడింది. ఇదేంటి, ఇలాగే ఉంటుందా అని అడిగారు. లేదు బావగారూ, చెడిపోతే మీరు మాట్లాడుతున్నంతసేపట్లో అమ్మాయే విప్పి బాగుచేసింది, అన్నారు నాన్న. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కొంచెం వెనక్కి విరుచుకుని నిలబడ్డారు. నాన్న అలా నిలబడగా నేను అంతకుముందు చూడలేదు. మావయ్య నన్ను దగ్గరికి రమ్మని, తీగలు చూపించి ఏది ఏమిటని అడిగారు. చెప్పాను. మెలిక సంగతి కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మావయ్య వినడం కూడా వచ్చిన మనిషని నాకు ఆ రోజే తెలిసింది. అంతా విని, "నువ్వు చెబితే నాకే అర్థమైందమ్మాయ్. ఇక నీకు బీఈడీ ఎందుకులే," అన్నారు. ఓడిపోయానని మాత్రం అనలేదు. ఆ అవసరం కూడా లేదు. మరుసటి ఏడు తన రెండో కూతుర్ని రోజూ బాపట్ల నుంచి రైల్లో తెనాలి పంపించి నా దగ్గరే చేర్పించారు.

డైరెక్టరుగారి దగ్గరికి నాన్న నాతోపాటు వచ్చి జరిగిందంతా తనే చెప్పారు. ఆయన తెగిన సీలును చాలాసేపు చూశారు. తర్వాత విజయవాడకు కబురు పెట్టారు. సర్వీసు ఇంజనీరు వచ్చి, మారిన తీగలు చూసి, ఎవరు చేశారని అడిగి, నన్ను చూపిస్తే ఎక్కడ నేర్చుకున్నావమ్మా అన్నాడు. మీరే చెప్పారండి అన్నాను. తను ఎప్పుడు చెప్పాడో అతనికి ఎంతకీ గుర్తు రాలేదు. ఏ అర బాగుచేసి, మూత నొక్కు సుత్తితో సరిచేసి వెళ్లాడు. వారం తిరక్కుండా ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద కొత్త వాక్యం ఒకటి వెలిసింది: ఇచ్చట ఆడపిల్లలకు రిపేరు కూడా నేర్పబడును. ఆ బోర్డు కింద నుంచి లోపలికి వెళ్లేటప్పుడు నా నడక ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి.

నాన్న బతికున్నంతకాలం ఈ కథ చెప్పారు. పెళ్లిళ్లలో, రైళ్లలో, చర్చి అరుగు మీద, మందుల షాపు దగ్గర, వినేవాళ్లు దొరికిన చోటల్లా. చెప్పిన కొద్దీ కథ పెరిగింది. చివరి రోజుల్లో చెప్పిన దాంట్లో నేను మిషను మొత్తం విడదీసి ముక్కముక్కా బల్ల మీద పరిచి మళ్లీ కూర్చేశాను, మావయ్య లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, జిల్లా కలెక్టరు కూడా ఎక్కడో వెనక వరసలో ఉన్నారు. ఆ కథలో అమ్మాయికి భయమన్నది తెలియదు. ఒక్కసారి కూడా సందేహపడదు. ఆయన చెబుతుంటే నేను గుమ్మం దగ్గర నిలబడి వినేదాన్ని. ఏ రోజూ దిద్దలేదు.

ఇప్పుడు చెప్పవలసింది నేనే గనుక, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. ఆ మధ్యాహ్నం మూత ఎత్తుతున్నప్పుడు ఆ పిల్ల మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. స్క్రూడ్రైవరు చెమటకు జారి ఒకసారి కింద పడింది. జడలో రంగు కాగితాల ముక్కలు, చీర కుచ్చిళ్ల నిండా దుమ్ము, లోపల లోపల ఏడుపు. ఆ మాత్రం దానికి అంత భయపడ్డావా అని అడిగే వయసు ఇప్పుడు నాకు వచ్చింది గాని, అడగబుద్ధి కాదు. నాన్న కథలో అమ్మాయిని చూస్తే గర్వంగా ఉంటుంది, కాదనను. కాని వణుకుతున్న చేతులతో మూత తీసిన ఆ పిల్లే నాకు కొంచెం ఎక్కువ ఇష్టం.